మునిగిపోయిన టెస్లాని ఇంటి దగ్గరే బతికించాడు: డొలోరెస్ కథ

ఈ ఎపిసోడ్ మామూలుగా మనం చేసే గాడ్జెట్ రివ్యూ కాదు. ఇదొక చరిత్ర. కానీ రాజుల చరిత్ర కాదు, ఒక కారు చరిత్ర. వరదలో మునిగి, ఇన్సూరెన్స్ వాళ్లు చచ్చిపోయిందని రాసేసిన ఒక ఎలక్ట్రిక్ కారుని, మెకానిక్ కూడా కాని ఒక మామూలు ఐటీ ఉద్యోగి ఇంటి దగ్గర ఎలా లేపి నిలబెట్టాడన్నది కథ.

ఇది నాకెందుకు పట్టిందో ముందు చెప్తాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడ వాళ్లకి ఆ తేదీ గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బుడమేరు గట్టుకి గండ్లు పడి సింగ్‌నగర్ చుట్టుపక్కలంతా నీళ్లు. ఆ మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. మా బాబాయి వాళ్లు ఉండేది సింగ్‌నగర్‌లోనే, రెండో అంతస్తులో. మనుషులకి ఏమీ కాలేదు. కింద పార్కింగ్‌లో మాత్రం పద్నాలుగు నెలల ఎలక్ట్రిక్ కారు ఉంది. లోన్ మీద కొన్నది. నీళ్లు సీట్ల మీదకి వచ్చి, రోజుల తరబడి అలాగే నిలబడ్డాయి.

నీళ్లు తీశాక ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసి, రెండు ముక్కలు అన్నాడు: "టోటల్ లాస్." ఆ రాత్రి బాబాయి నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్ చిన్నా, నువ్వు బీటెక్ ఈసీఈయేగా చదివింది? కింద ఆ బ్యాటరీ డబ్బా విప్పి, నాలుగు రోజులు ఎండలో పెట్టి, బ్లోయర్ కొడితే పనిచెయ్యదంట్రా? బయట బాడీ మీద ఒక్క గీత కూడా లేదు. చూస్తూ చూస్తూ తుక్కుకి ఎలా ఇచ్చేస్తాం?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లు కోడ్ రాసినవాణ్ని, ఇప్పుడు కెమెరా ముందు మాట్లాడేవాణ్ని. "రేపు చెప్తాను బాబాయ్" అని ఫోన్ పెట్టేసి, ఆ రాత్రంతా చదువుతూ కూర్చున్నా. అప్పుడు తగిలింది డొలోరెస్ కథ.

ముందు, నీళ్లు ఏం చేస్తాయో చూద్దాం

పెట్రోల్ కారు మునిగితే ఏం జరుగుతుందో మన ఊరి మెకానిక్‌లందరికీ తెలుసు. ఇంజిన్‌లోకి నీళ్లు పోతాయి. స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే "సెల్ఫ్ కొట్టొద్దు" అంటారు. ఆయిల్ మార్చి, ట్యాంక్ కడిగి, వైరింగ్ ఆరబెట్టి, సీట్లు విప్పి ఎండలో పడేస్తారు. కష్టమే. కానీ ఒక సుఖం ఉంది. పెట్రోల్ తీసేస్తే ఆ బండిలో శక్తి అంటూ ఏమీ మిగలదు. ఒక 12 వోల్టుల బ్యాటరీ, దాన్నీ ఊడదీసి పక్కన పెట్టేస్తాం.

ఎలక్ట్రిక్ కారులో ఆ సుఖం లేదు. ఉదాహరణకి టెస్లా మోడల్ ఎస్ తీసుకుందాం. 85 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న మోడల్‌లో కారు ఫ్లోర్ కింద 7,104 చిన్న సెల్స్ ఉంటాయి. ఒక్కోటి 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు. టీవీ రిమోట్‌లో వేసే సెల్ కంటే కాస్త పెద్దది, అంతే. వాటిని 444 చొప్పున 16 మాడ్యూల్స్‌గా కట్టి, ఒక పెద్ద పళ్లెం లాంటి పెట్టెలో పరిచి సీల్ చేస్తారు. మొత్తం కలిపితే ఫుల్ ఛార్జ్‌లో 400 వోల్టులు. బరువు అర టన్నుకి పైమాటే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పెట్టెలోకి నీళ్లు పోయాయి. దాన్ని "ఆఫ్" చెయ్యడానికి స్విచ్ లేదు. బయటికి పోయే కరెంట్‌ని ఆపడానికి కాంటాక్టర్లు అనే పెద్ద రిలేలు ఉంటాయి, నిజమే. కానీ పెట్టె లోపల సెల్ సెల్‌గానే ఉంటుంది. అందులో శక్తి అలాగే ఉంటుంది. బురద నీళ్లు, ఉప్పు నీళ్లు కరెంట్‌ని మోస్తాయి. సెల్స్ మధ్య లేనిపోని దారులు ఏర్పడతాయి. నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. రాగి, అల్యూమినియం తుప్పు పడతాయి. నీళ్లు ఆరిపోయాక కూడా ఉప్పు పొర మిగులుతుంది. ఆ పొర మీద ఎప్పుడో గాలిలో తేమ చేరి మళ్లీ షార్ట్ అవ్వొచ్చు.

అంటే మా బాబాయి చెప్పిన "ఎండలో పెట్టడం" ఉందే, అది నీళ్లని తీసేస్తుంది, ఉప్పుని తియ్యదు.

2012 అక్టోబర్, పోర్ట్ న్యూఆర్క్

దీన్ని ప్రపంచం మొదటిసారి పెద్దఎత్తున చూసింది శాండీ తుఫానప్పుడు. 2012 అక్టోబర్ 29 రాత్రి సముద్రం ఉప్పొంగి న్యూజెర్సీలోని పోర్ట్ న్యూఆర్క్ మునిగింది. అక్కడ ఓడల నుంచి దిగిన కొత్త కార్లు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిలో ఫిస్కర్ కర్మ అనే ఖరీదైన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు మూడొందలకు పైగా ఉన్నాయి. అవి మునగడం ఒక ఎత్తు. అందులో 16 కార్లు కాలి బూడిదవడం ఇంకో ఎత్తు. నీళ్లలో మునిగిన కారు కాలిపోవడం ఏంటని అందరూ నోరెళ్లబెట్టారు.

అందరి అనుమానం లిథియం బ్యాటరీ మీదే. కానీ విచారణ తర్వాత ఫిస్కర్ కంపెనీ చెప్పింది వేరు. ఉప్పు నీళ్లలో గంటల తరబడి నానిన ఒక కంట్రోల్ యూనిట్‌లో తుప్పు వల్ల షార్ట్ అయింది. దానికి కరెంట్ ఇచ్చింది పెద్ద బ్యాటరీ కాదు, మామూలు 12 వోల్టుల బ్యాటరీ. ఒక కారు అంటుకుంటే ఆ రాత్రి గాలికి పక్క కార్లకి పాకింది.

ఇక్కడ రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి, మునిగిన కారులో "ఇది చిన్న వస్తువు, దీనివల్ల ఏమవుతుందిలే" అనేది ఏదీ ఉండదు. రెండు, నష్టం నీళ్లు ఉన్నప్పుడు కాదు, తర్వాత బయటపడుతుంది. ఈ రెండో దానికి ఇంకో ఉదాహరణ కూడా ఉంది. 2011లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఒక షెవర్లే వోల్ట్‌ని క్రాష్ టెస్ట్ చేసి యార్డులో పక్కన పెట్టింది. మూడు వారాలు గడిచాక అది అంటుకుంది. అక్కడ కారింది వరద నీళ్లు కాదు, బ్యాటరీని చల్లబరిచే కూలెంట్. అయినా లెక్క అదే. తడి తన పని తాను నిదానంగా చేసుకుంటూ పోతుంది.

చచ్చిన కారుకి ఒక మార్కెట్

సరే, కారు మునిగింది. తర్వాత ఎక్కడికి పోతుంది? ఇది చాలామందికి తెలియని లోకం.

అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టేశాక ఆ బండి వాళ్లదైపోతుంది. దాన్ని వేలం వేస్తారు. 1982లో కాలిఫోర్నియాలో మొదలైన కోపార్ట్ లాంటి కంపెనీలు ఈ వేలాల మీదే పెద్దవయ్యాయి. 2000ల మొదట్లో ఈ వేలాలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. దాంతో ఇంట్లో కూర్చుని ఎవరైనా, ఎక్కడి బండినైనా చూసే పరిస్థితి వచ్చింది.

కానీ 2005లో కత్రినా తుఫాను వచ్చి లక్షల బండ్లు మునిగినప్పుడు ఇందులోని చీకటి కోణం బయటపడింది. కొందరు మునిగిన కార్లని కడిగి, సెంటు కొట్టి, వేరే రాష్ట్రానికి తీసుకెళ్లి కొత్త కాగితాలతో అమ్మేశారు. అమెరికాలో బండి కాగితం మీద "సాల్వేజ్" అనో "ఫ్లడ్" అనో ముద్ర వేస్తారు. ఆ ముద్రని రాష్ట్రాలు మార్చి చెరిపేసుకున్నారన్నమాట. 1992 చట్టంలోనే అన్ని రాష్ట్రాల బండ్ల రికార్డులు ఒకచోట ఉండాలని రాసుకున్నారు. మామూలు కొనుగోలుదారుడు అందులో చూసుకునే వీలు వచ్చింది మాత్రం 2009లో.

ఈ ముద్ర సంగతి గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో చిన్న మాట. ఈ కథ 1990ల్లో ఎందుకు జరగలేదు? అప్పుడు కూడా ఎలక్ట్రిక్ కారు ఉంది. 1996లో జనరల్ మోటార్స్ ఈవీ1 తెచ్చింది. దాదాపు పదకొండొందల కార్లు తయారయ్యాయి. కానీ ఒక్కటి కూడా అమ్మలేదు, లీజుకే ఇచ్చారు. తర్వాత వెనక్కి తీసుకుని ఎక్కువ భాగం నలగ్గొట్టేశారు. బండి నీది కానప్పుడు ఇంటి దగ్గర రిపేర్ అనే ప్రశ్నే రాదు కదా. 2012 జూన్‌లో మోడల్ ఎస్ డెలివరీలు మొదలయ్యాకే, జనం పెద్ద బ్యాటరీ ఉన్న కారుని నిజంగా "కొన్నారు". కొన్నాక అవి గుద్దుకున్నాయి, మునిగాయి, వేలానికి వచ్చాయి. అప్పుడు మన హీరో ఎంటర్ అయ్యాడు.

రిచ్ బెనోయిట్, ఒక ఐటీ ఉద్యోగి

మసాచుసెట్స్ రాష్ట్రం. పేరు రిచ్ బెనోయిట్. పగలు ఐటీ ఉద్యోగం, మిగతా టైమ్‌లో కార్ల పిచ్చి. మోడల్ ఎస్ అంటే మోజు, కానీ కొత్తది 70,000 డాలర్ల పైనే. అందుకని వరదలో మునిగిన ఒక మోడల్ ఎస్‌ని దాదాపు 14,000 డాలర్లకి కొన్నాడు. అప్పటి లెక్కలో తొమ్మిది లక్షల రూపాయల చిల్లర. దానికి డొలోరెస్ అని పేరు పెట్టాడు.

కొనేముందు అతని లెక్క కూడా మా బాబాయి లెక్కే. బాడీ బాగుంది, లోపల ఆరబెట్టుకుంటే, పోయిన పార్ట్స్ కొనుక్కుంటే సరిపోతుంది.

రెండు లెక్కలూ తప్పాయి.

మొదటిది నీళ్లది. ఎలక్ట్రిక్ కారులో కంప్యూటర్లు ఒకచోట ఉండవు. డోర్‌కి ఒకటి, సీటుకి ఒకటి, ఛార్జర్‌కి ఒకటి, మోటారుకి ఒకటి. అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే కారు కదులుతుంది. నీళ్లు ఎక్కడెక్కడికి పోయాయో చూడాలంటే సీట్లు, కార్పెట్లు, ప్యానెళ్లు, వైరింగ్ అన్నీ విప్పాలి. కనెక్టర్ పిన్నులు పచ్చగా తుప్పు పట్టి ఉంటాయి. పైగా ఎలక్ట్రిక్ కారుకి ఒక మంచి అలవాటు ఉంది. హై వోల్టేజ్ వైర్లకీ కారు బాడీకీ మధ్య ఇన్సులేషన్ సరిగ్గా ఉందా లేదా అని తనే కొలుచుకుంటుంది. తేడా ఉంటే కాంటాక్టర్లు కలపదు. మీరు ఎంత బతిమాలినా "నేను కదలను" అంటుంది. అది మొండితనం కాదు, మిమ్మల్ని కాపాడటమే.

రెండోది పార్ట్స్‌ది. మామూలు కారైతే ఊళ్లో పది షాపులు తిరిగితే పార్ట్ దొరుకుతుంది. టెస్లాకి అప్పట్లో బయట షాపులే లేవు. సాల్వేజ్ కారు కాబట్టి టెస్లా తనకి పార్ట్స్ అమ్మలేదని రిచ్ చాలాసార్లు చెప్పాడు. మాన్యువల్ చూద్దామంటే అదీ తేలిక కాదు. మసాచుసెట్స్ ప్రజలు 2012లోనే రిపేర్ హక్కు చట్టం తెచ్చుకున్నారు కాబట్టి ఆ రాష్ట్రం వాళ్లకి టెస్లా మాన్యువల్స్ ఇచ్చింది. ఎలా అంటే, అద్దెకి. ఒక్క రోజు చూసుకోవడానికి 100 డాలర్లు!

ఫ్రెండ్స్, మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం కాబట్టి ఇది ఎలా ఉంటుందో చెప్తా. కోడ్ పనిచెయ్యట్లేదు, డాక్యుమెంటేషన్ డబ్బులిస్తే గానీ కనపడదు, స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక్క జవాబు లేదు. ఆ పరిస్థితి. తేడా ఏంటంటే ఇక్కడ తప్పు చేస్తే ఎర్రర్ రాదు, 400 వోల్టులు వస్తుంది.

మరి ఎలా లేచింది?

ఇక్కడ చాలామంది ఒక తప్పు చెప్తారు. "మునిగిన బ్యాటరీని ఇంట్లో బాగుచేశాడు" అంటారు. కాదు. ఈ కథలో అసలు ముఖ్యమైన విషయం ఇదే.

రిచ్ మునిగిన కారుని పూర్తిగా విప్పాడు. ప్రతి భాగం ఎక్కడుందో, దేనికి కలుస్తుందో నేర్చుకున్నాడు. కానీ నీళ్లు తాగిన కారు గుండె మీద నమ్మకం పెట్టుకోలేదు. రెండో మోడల్ ఎస్ కొన్నాడు. అది ముందు భాగం గుద్దుకుని దెబ్బతిన్నది, కానీ పొడిది. దాని బ్యాటరీ, లోపలి సరంజామా బాగున్నాయి. మొదటి దానికి బాడీ బాగుంది, లోపల పోయింది. రెండో దానికి లోపల బాగుంది, బాడీ పోయింది. ఈ రెండింటినీ కలిపి ఒక కారు చేశాడు. అమెరికా మీడియా అతన్ని టెస్లాల డాక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అని పిలిచింది ఇందుకే.

ఇక మిగిలిన పార్ట్స్? అవి అతనికి బంగారమయ్యాయి. ఎవరికీ దొరకని టెస్లా పార్ట్స్ ఇతని దగ్గర కుప్పలు. తనలాగే వెతుక్కునేవాళ్లకి అమ్మాడు. అన్నీ అమ్మగా చివరికి చేతి నుంచి పడింది దాదాపు 6,500 డాలర్లు. అంటే రెండు కార్లు కొని, ఒకటి నిలబెట్టుకుని, మొదటి కారు కొన్న రేటులో సగం కూడా ఖర్చు కాలేదు.

ఇదంతా వారం రోజుల్లో అయిపోయిందనుకోకండి. నెలల తరబడి పని. ప్రతి అడుగూ వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు, రిచ్ రీబిల్డ్స్ అనే పేరుతో. తప్పులతో సహా. నా దృష్టిలో డొలోరెస్ కంటే ఆ వీడియోలే పెద్ద పని. ఎందుకంటే అప్పటిదాకా ఆ కారు లోపల ఏముందో కంపెనీకి, కొద్దిమంది హ్యాకర్లకి తప్ప ఎవరికీ తెలియదు. ఇతను మూత తీసి అందరికీ చూపించాడు.

తర్వాత ఏం మారింది

2019 ప్రాంతంలో రిచ్ తన స్నేహితులతో కలిసి పక్క రాష్ట్రం న్యూహాంప్‌షైర్‌లోని సీబ్రూక్‌లో ఒక ఎలక్ట్రిక్ కార్ల గ్యారేజీ పెట్టాడు. పేరు ఎలక్ట్రిఫైడ్ గ్యారేజ్. 2021లో అక్కడికి ఒక మోడల్ 3 వచ్చింది. రోడ్డు మీద ఏదో తగిలి బ్యాటరీ కింద కూలెంట్ పైపు కలిసే చిన్న ముక్కు విరిగింది. కంపెనీ సర్వీస్ చెప్పిన మాట, బ్యాటరీ మొత్తం మార్చాలి, దాదాపు 16,000 డాలర్లు. ఈ గ్యారేజీ వాళ్లు ఆ ముక్కు ఒక్కటే బాగుచేశారు. బిల్లు 700 డాలర్లు.

16,000 ఎక్కడ, 700 ఎక్కడ! బ్యాటరీకి ఏమీ కాలేదు. తేడా అంతా "లోపల ఏముందో తెలిసినవాడు ఉన్నాడా లేడా" అన్నదే.

2020 నవంబర్‌లో మసాచుసెట్స్ ప్రజలు మళ్లీ ఓటు వేశారు. ఈసారి ప్రశ్న, కారు వైర్‌లెస్‌గా కంపెనీకి పంపే రిపేర్ డేటా ఓనర్‌కి, అతను ఎంచుకున్న మెకానిక్‌కి కూడా అందాలా? దాదాపు 75 శాతం మంది "అవును" అన్నారు. 2022లో టెస్లా తన సర్వీస్ మాన్యువల్స్‌ని అందరికీ ఉచితంగా తెరిచింది. ఇదంతా ఒక్క రిచ్ వల్లే అయిందని నేను చెప్పను. చిన్న గ్యారేజీల వాళ్లు, చట్టం కోసం తిరిగినవాళ్లు, చాలామంది ఉన్నారు. కానీ "ఓనర్ ఇంట్లో విప్పడం అసాధ్యం" అనే మాటకి డొలోరెస్ నడుస్తున్న జవాబు అయింది.

అయితే కంపెనీ వైపు వాదన కూడా వినాలి, అది ఉత్త సాకు కాదు. సాల్వేజ్ కార్లకి టెస్లా తన సూపర్‌ఛార్జర్లలో ఫాస్ట్ ఛార్జింగ్ ఆపేసింది. లోపల ఎవరు ఏం చేశారో తెలియని బ్యాటరీలోకి అంత కరెంట్ పంపడం ప్రమాదం అన్నది వాళ్ల మాట. 2022 సెప్టెంబర్ చివర్లో ఫ్లోరిడాలో ఇయన్ తుఫాను వచ్చింది. సముద్రపు నీళ్లలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని, నీళ్లు తీశాక రోజులు గడిచాక అంటుకున్నాయి. ఆర్పడానికి ఫైర్ వాళ్లు ఒక్కో కారు మీద వేల లీటర్ల నీళ్లు పొయ్యాల్సి వచ్చింది. అందుకే మునిగిన ఎలక్ట్రిక్ కారుని ఇంటికి, ఇతర బండ్లకి కనీసం 50 అడుగుల దూరంలో పెట్టాలని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ చెప్తుంది.

50 అడుగులు. సింగ్‌నగర్ సందుల్లో 50 అడుగులంటే నాలుగిళ్లు దాటాలి.

బాబాయికి నేనేం చెప్పాను

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశా. "వద్దు బాబాయ్" అన్నా.

ఆయనకి కోపం వచ్చింది. "యూట్యూబ్‌లో ఎవడో చేశాడని నువ్వే చెప్తున్నావ్, మళ్లీ వద్దంటావేంట్రా?"

"అతను చేసింది మునిగిన బ్యాటరీని ఎండబెట్టడం కాదు బాబాయ్. పొడి బ్యాటరీ ఉన్న ఇంకో కారు కొన్నాడు. మనకి ఆ రెండో కారు ఎక్కడ దొరుకుతుంది? 1,000 వోల్టుల గ్లవ్స్ ఎక్కడున్నాయి? కింద పార్కింగ్‌లో పెట్టి విప్పితే, పైన ఎనిమిది కుటుంబాలు నిద్రపోతుంటాయి."

ఐపీ67 గురించి కూడా అడిగాడు. బ్రోచర్‌లో బ్యాటరీకి ఐపీ67 అని పెద్ద అక్షరాలతో రాశారట, మరి నీళ్లు ఎలా పోతాయి అని. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. ఐపీ67లో 7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. అరగంట! బుడమేరు నీళ్లు అరగంటకి పోలేదు. బ్రోచర్ అబద్ధం చెప్పలేదు, కానీ అది వాన నీళ్ల గుంట దాటడానికి ఇచ్చిన మాట, వరదకి ఇచ్చిన మాట కాదు.

చివరికి ఒప్పుకున్నాడు. ఇన్సూరెన్స్ డబ్బు వచ్చింది, లోన్ కట్టేశాడు, చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. తాడు కట్టి బండిని లాక్కెళ్తుంటే పిన్ని గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లిపోయింది.

నేను చెప్పింది కరెక్టేనా? భద్రత విషయంలో కరెక్టే. కానీ ఒక బాధ మిగిలింది. ఆ బండిలో సీల్ పోయిందా, అసలు బ్యాటరీలోకి నీళ్లు దిగాయా లేదా అని ఎవరూ తెరిచి చూడలేదు. ఇన్సులేషన్ టెస్ట్ రిపోర్ట్ ఇమ్మంటే ఇచ్చినవాళ్లు లేరు. బయట చూపిద్దామంటే తెలిసిన గ్యారేజీ లేదు. నీళ్లు ఎంత పాడుచేశాయో తెలియకుండానే బండి చచ్చిపోయింది. మన దేశంలో 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేర్ హక్కు పోర్టల్ మొదలుపెట్టింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. మంచిదే. కానీ పోర్టల్ వేరు, మీ ఊళ్లో హై వోల్టేజ్ బ్యాటరీ తెరిచి చూసి నిజం చెప్పే మనిషి ఉండటం వేరు. ఈసీఈ, ట్రిపుల్ఈ, ఐటీఐ చదివేవాళ్లు ఇది వింటుంటే, ఆ మనిషి మీరే కావచ్చు. ముందు ట్రైనింగ్ తీసుకోండి, తర్వాతే స్పానర్ పట్టుకోండి.

ఆఖరి మాట

ఇందాక ముద్ర గురించి గుర్తుపెట్టుకోమన్నాను కదా.

ఈ ఎపిసోడ్ రాసుకుంటున్నప్పుడు, ఊరికే, బాబాయి పాత బండి నంబర్ ఫోన్‌లో కొట్టి చూశా. తుక్కు అయిపోయి ఉంటుంది, ఏమీ రాదనుకున్నా. వచ్చింది. ఆర్‌సీ స్టేటస్: యాక్టివ్. ఓనర్ సీరియల్ నంబర్: 2. మునిగినట్టు ఒక్క మాట లేదు. మన ఆర్‌సీలో అలాంటి మాట రాసే గడే లేదు.

ఎవరో ఆ కారు కొన్నారు. లోపల బ్యాటరీ మార్చారో, ఎండబెట్టారో, కడిగి సెంటు కొట్టారో నాకు తెలియదు. బహుశా వాళ్లకీ తెలియదు. ఈ రాత్రి ఏదో అపార్ట్‌మెంట్ కింద అది ఛార్జింగ్‌లో ఉండొచ్చు.

రిచ్ డొలోరెస్‌ని బాగుచేసినప్పుడు అందరికీ చెప్పి, కెమెరా పెట్టి, ముద్ర ఉన్న కాగితంతోనే నడిపాడు. ఇంటి దగ్గర బాగుచెయ్యడం తప్పు కాదు, దాచడం తప్పు. అందుకే సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు నాలుగు పనులు చెయ్యండి. సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. సీటు కింద బోల్టులకి తుప్పు ఉందేమో చూడండి. హెడ్‌లైట్ లోపల ఆవిరి పట్టిన మచ్చలు చూడండి. పాత ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు, కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి బ్యాటరీ ఇన్సులేషన్ రిపోర్ట్ అడగండి. ఇవ్వకపోతే బేరం అక్కడితో ఆపెయ్యండి.

మీ బండే మునిగితే? ఆన్ చెయ్యొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, నారింజ రంగు వైర్లు ముట్టుకోవద్దు, వీలైనంత ఖాళీ స్థలంలోకి తోయించండి. టోటల్ లాస్ అంటే ఎందుకన్నారో రాతపూర్వకంగా అడగండి. అది మీరు కొన్న బండి. దాని లోపల ఏం జరిగిందో తెలుసుకోవడం మీ హక్కు.

ఏపీ 39 సిరీస్ తెల్ల కారు, ఆ నంబర్ నేను ఇక్కడ చెప్పలేను. కానీ ఈ మధ్య విజయవాడ వైపు నుంచి సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు ఎవరైనా చూస్తుంటే, దయచేసి రేపు పొద్దున్నే ఒకసారి చెక్ చేయించుకోండి. ఇంట్లో పిల్లలు ఉంటారు కదా.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.